తగ్గినందుకు కృతజ్ఞత కూడిక

నేను బరువు తగ్గినందుకు మా అమ్మ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టింది. ఈ మాట చెబితే మా సంఘం బయటివాళ్ళు నవ్వుతారు. సంఘంలోవాళ్ళు మాత్రం "అవునండీ, భోజనాలు బాగా పెట్టారు" అంటారు.

మా క్రైస్తవుల ఇళ్ళల్లో కృతజ్ఞత కూడిక మామూలు సంగతే. కొత్త ఇల్లు కట్టుకున్నా, పిల్లాడికి ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ అయిన మనిషి క్షేమంగా ఇంటికి తిరిగొచ్చినా పాస్టరు అయ్యగారిని, సంఘంలో వాళ్ళని పిలుస్తారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, అందరికీ అన్నం పెడతారు. మేలు పొందిన మనిషి లేచి నిలబడి నాలుగు ముక్కలు సాక్ష్యం చెప్పాలి. ఆ రోజు నేను పొందిన మేలు ఏమిటంటే, నా జాకెట్లు వదులయ్యాయి. అదే రోజు నా కడుపులో ఒక జబ్బు తీరిగ్గా కూర్చుని తన పని తాను చేసుకుపోతోంది. దానికి కూడా కలిపి స్తోత్రం చెప్పాం.

నేను పుట్టడమే బొద్దుగా పుట్టానట. అమ్మ డెల్టాలో ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రిటైరయ్యేదాకా అక్కడే చేసింది. ఆ ఏడాది ఆ ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్లో నా అంత బరువు పిల్ల లేదని, నర్సులందరూ నన్ను చేతులు మార్చుకుంటూ ఎత్తుకున్నారని అమ్మ చాలాసార్లు చెప్పింది. నా బరువు గురించి ఆవిడ గర్వంగా చెప్పుకున్నది అదొక్కటే.

పసిపిల్లగా ఉన్నప్పుడు దాన్ని బొద్దు అన్నారు. బళ్ళో వేశాక బొండాం అన్నారు. పెద్దమనిషినయ్యాక ఒళ్ళు అన్నారు. ముప్పై దాటాక హెల్త్ ప్రాబ్లం అన్నారు. ఉన్నది అదే శరీరం, పేర్లే మారుతూ వచ్చాయి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర అందరం వందనాలు చెప్పుకుంటాం. ఆ మాట నోట్లో పూర్తి కాకుండానే ఎదుటివాళ్ళ చూపు నా మెడ దగ్గర బయలుదేరి నడుము దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. "ఏంటమ్మా, కొంచెం వచ్చినట్టున్నావు?" అనేవాళ్ళు. రావడం అంటే ఎక్కడికో రావడం కాదు, ఒళ్ళు రావడం. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ నాకు ప్రసంగంలో విన్నదంతా గుమ్మం దగ్గరే మర్చిపోవడం అలవాటయింది.

డాక్టర్ల సంగతి వేరే చెప్పాలి. మోకాలు నొప్పి అని వెళ్తే బరువు తగ్గండి అన్నారు, సరే, ఒప్పుకున్నాను. చెవిపోటు అని వెళ్తే కూడా, చెవిలో లైటు వేసి చూసి, చుక్కల మందు రాసి, "మీరు ముందు బరువు తగ్గండమ్మా, అన్నీ అవే తగ్గుతాయి" అన్నాడు ఒకాయన. నా చెవి ఎంత లావుందో నాకు తెలియదు.

అన్నీ అవే తగ్గుతాయి. మన భాషలో ఈ తగ్గడం అన్న మాట రెండు ఉద్యోగాలు చేస్తుంది. జ్వరం తగ్గిందా అంటాం, బరువు తగ్గావా అంటాం. జబ్బు తగ్గితే మనిషి కోలుకున్నట్టు. మరి మనిషే తగ్గిపోతుంటే? మావాళ్ళ లెక్కలో అదీ కోలుకోవడమే. ఈ సంగతి నేను తీరిగ్గా కూర్చుని కనిపెట్టలేదు, నా ప్రాణం మీదికి వస్తే తెలిసింది.

మేముండేది పటమటలో ఒక చిన్న ఫ్లాటు. నాన్న పోయి చాలాకాలమైంది. అమ్మా నేనూ ఇద్దరమే. పెళ్ళి సంగతి అడక్కండి, దాని మీద ఇప్పటికే సంఘమంతా చర్చించింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తాను. గన్నవరంలో విమానం ఎక్కేవాళ్ళు రోజంతా ఫోన్లో అడిగేది ఒకటే, ఎంత బరువు తీసుకెళ్ళొచ్చండీ అని. చెబుతాను. ఎక్కువైతే ఎక్స్‌ట్రా కట్టాలండీ అంటాను. ఒకసారి ఆ మాట అంటుంటే పక్క సీటాయన నన్ను పైనుంచి కిందికి చూసి తనలో తాను నవ్వుకున్నాడు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

అమ్మ చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్ళు గ్లాసులో పోసి మంచం పక్కన పెట్టేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి జొన్నరొట్టె వేడిగా ఉంచేది. నెయ్యి డబ్బా ఎక్కడ దాచిందో మర్చిపోయి, తను పప్పులో వేసుకోవాలన్నా వెతుక్కునేది. నా కోసం తనూ మానేసింది చివరికి. ప్రతి ప్రార్థనలోనూ నా పేరు వచ్చేది, పేరు తర్వాత నా బరువు వచ్చేది. దేవుడికి కూడా నన్ను అలాగే గుర్తు చేసేది.

ఆ ఏడాది ఎండలు ముదిరినప్పుడు నాకు ఆకలి పోయింది. మొదట్లో ఎండ వల్ల అనుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టు ఉండేది. తిన్న కాసేపటికి పొట్ట కుడి పక్క, కింద, మెలిపెట్టేది. సాయంత్రం ఆఫీసు మెట్లు దిగేసరికి ఒళ్ళు వెచ్చబడి, కళ్ళు మండేవి. తెల్లారి లేచేసరికి నైటీ తడిసి వీపుకి అంటుకుని ఉండేది. చుడీదార్లు వదులయ్యాయి. గాజులు మోచేతి దాకా ఎక్కుతున్నాయి.

ఇంక చూడండి సంబరం. లిఫ్టులో, జిరాక్స్ షాపులో, చర్చి గుమ్మంలో, ఎక్కడ చూసినా ఒకటే మాట, "తగ్గావే!" ఆఫీసులో పక్క సీటాయన తనంతట తానే మాట కలిపి, "మేడమ్, మా మిసెస్‌కి కూడా చెప్పండి, ఏ డైటు?" అన్నాడు. మా పక్క ఫ్లాటులో ఒక పెద్దావిడ ఉంటారు. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి, "ఏం తాగుతున్నావమ్మా, పౌడరా?" అని అడిగారు.

"ఏమీ తాగట్లేదండీ. ఆకలెయ్యట్లేదు" అన్నాను.

"అదృష్టవంతురాలివి" అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నారు.

అబద్ధం ఎందుకు, మొదట్లో నాకూ బాగానే ఉండేది. షేర్ ఆటో ఎక్కితే నా పక్కవాళ్ళు నిట్టూర్చి జరిగేవాళ్ళు ఎప్పుడూ. అలాంటిది ఒకరోజు ఒకావిడ జరగలేదు. నేను ఎక్కినట్టే గమనించలేదు. ఫోన్ చూసుకుంటూ అలాగే కూర్చుంది. ఎవరి కంటా పడకుండా ఒక చోట కూర్చోవడం ఇంత హాయిగా ఉంటుందా అనుకున్నాను. కడుపులో మెలిపెడుతూనే ఉంది. కానీ ఆ నొప్పి గురించి ఎవరూ అడగడంలేదు, నడుము గురించి అందరూ అడుగుతున్నారు. మనిషి దేనివైపు తిరుగుతుంది మరి?

కొన్నాళ్ళకి ఆ సరదా తీరిపోయింది. మెట్లెక్కుతుంటే కాళ్ళు వణికేవి. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. అమ్మతో చెప్పాను.

"సాయంత్రం అయ్యేసరికి జ్వరం వస్తోందమ్మా."

"జ్వరం కాదే, వేడి చేసింది. విజయవాడ ఎండలు, పైగా నువ్వు ఆ ఏసీలోంచి బయటికి, బయటినుంచి ఏసీలోకి. సబ్జా నీళ్ళు తాగు."

"కడుపులో నొప్పి."

"ఇన్నాళ్ళూ అడ్డమైనవీ తిన్నావు. ఇప్పుడు పేగులు శుభ్రపడుతున్నాయి."

మా వీధిలో ఏ పిల్లకి ఒళ్ళు కాస్త వెచ్చబడినా తల్లులు అమ్మ దగ్గరికే తీసుకొస్తారు. ఆవిడ పర్సులో థర్మామీటరు ఎప్పుడూ ఉంటుంది. నాకు మాత్రం అది తీయలేదు. ఒకరోజు సాయంత్రం నేనే పర్సులోంచి అది తీసి, నోట్లో పెట్టుకుని, చూపించాను. నూరు దాటింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, దులిపి, మళ్ళీ పర్సులో పెట్టేసింది. "కొవ్వు కరుగుతోంది కదే. ఆ మాత్రం వేడి ఉండదూ?" అంది.

జీవితమంతా వార్డుల్లో తిరిగిన మనిషి అన్న మాట అది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, ఆకలి లేకపోవడం, మనిషి చిక్కిపోవడం. ఈ నాలుగూ ఏ పేషెంటు వచ్చి చెప్పినా, డాక్టరు రాకముందే ఆవిడ జబ్బు పేరు చెప్పేది. కూతురు చెబితే కొవ్వు అంది.

మా వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఏళ్ళ తరబడి నన్ను తిట్టిన మనిషి నన్ను చూసి కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. మిషను మీద నిలబెట్టి, "వెరీ గుడ్, ఇదీ కావాల్సింది" అన్నాడు. నొప్పి గురించి చెప్పాను. గ్యాసన్నాడు. జ్వరం గురించి చెప్పాను. నీళ్ళు ఎక్కువ తాగమన్నాడు. నేను లేస్తుంటే, "ఇదే మెయింటైన్ చేయండి" అన్నాడు. ఏది మెయింటైన్ చేయాలో చెప్పలేదు. నొప్పినా, జ్వరాన్నా?

కృతజ్ఞత కూడిక అన్న ఆలోచన మా పిన్నిది. అమ్మకి చెల్లెలు, కంకిపాడులో ఉంటుంది. ఫోన్లో వీడియో కాల్‌లో నన్ను చూసి, "అక్కా, ఎన్నేళ్ళ ప్రార్థన! దేవుడు ఇంత మేలు చేస్తే ఊరుకుంటావేంటే? కూడిక పెట్టాల్సిందే" అంది. అమ్మకి ఆ మాట ఎక్కడో తగిలింది. మర్నాడే అయ్యగారికి ఫోన్ చేసింది. నేను వద్దన్నాను. దేనికని పిలుస్తారు, నవ్వుతారు అన్నాను. "నవ్వనీ. నీ ఒళ్ళు చూసి నవ్వినప్పుడు పడ్డాను కదా, ఇప్పుడు నవ్వితే నాకేం?" అంది అమ్మ. నన్ను అన్న మాటలన్నీ ఆవిడకీ తగిలాయని నాకు అప్పటిదాకా తట్టలేదు.

కూడిక రోజు అమ్మ తన పెట్టెలోంచి ఒక జాకెట్టు తీసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుట్టించుకున్నదట, తెల్లది, చేతులకి సన్నటి లేసు. అమ్మ వయసులో ఉన్నప్పుడు సన్నగా రివటలా ఉండేది. ఆ జాకెట్టు నాకు సరిపోయింది. హుక్కులు పెడుతూ నా వీపు మీద చెయ్యి ఆన్చి అలాగే ఉండిపోయింది. ఏడుస్తోందని తెలుస్తోంది. "నా పోలికే" అంది. అన్నేళ్ళలో నాలో తన పోలిక చూడటం అదే మొదటిసారి. ఆ వీపు అప్పుడు కాలిపోతోంది. ఆ చేతికి తెలియలేదు.

హాల్లో సోఫాలు గోడకి జరిపి చాపలు పరిచారు. పాటలు పాడారు. అయ్యగారు వాక్యం చదివి మాట్లాడారు. మన శరీరం దేవుడు ఉండే ఇల్లు, దాన్ని చక్కగా చూసుకోవాలి అన్నారు. అందరూ నావైపు చూశారు, ఇల్లు బాగుచేయించుకున్నావన్నట్టు. తర్వాత సాక్ష్యం చెప్పమని నన్ను లేపారు. అంత చిన్న హాలుకి మైకు కూడా తెచ్చారు.

నాకు నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. గోడ పట్టుకున్నాను. డైటు చేశానని చెబుదామంటే చేయలేదు. అందుకని ఉన్నమాటే చెప్పాను.

"నేను చేసిందేమీ లేదండీ. దానంతటదే తగ్గింది."

"స్తోత్రం" అన్నారు అందరూ ఒక్కసారిగా. పిన్ని రెండు చేతులూ పైకెత్తింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా జబ్బు లక్షణాల్లో అన్నిటికన్నా పెద్దది, మైకులో, ఒక రిటైర్డు స్టాఫ్ నర్సు ముందు, ఇంటినిండా పెద్దవాళ్ళ ముందు చెప్పాను. చప్పట్లు కొట్టారు.

బిర్యానీ, వంకాయ కూర, పెరుగు చట్నీ, డబుల్ కా మీఠా. నా ముందు విస్తరి వేసి కూర్చోబెట్టారు. ఆ వాసనకే నాకు తిప్పేసింది. రెండు మెతుకులు కెలికి ఊరుకున్నాను. మా పాస్టరు గారి భార్యని మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ నా విస్తరి చూపించి ఆడపిల్లలందరికీ చెప్పారు, "చూశారా, ఇంత వంట ముందు పెట్టుకుని కూడా ముట్టలేదు. అదీ నిగ్రహం అంటే." నేను లేచి బాత్రూంకి పరిగెత్తి, తిన్న రెండు మెతుకులూ కక్కేశాను. బయట పాట మొదలైంది. అమ్మ తలుపు దగ్గరికొచ్చి, "నూనె పడలేదా? అలవాటు తప్పింది కదా, అంతేలే" అంది. ఆ గొంతులో సంతోషం ఇప్పటికీ నా చెవిలో ఉంది. దాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను.

తర్వాత ఒకరోజు ఆఫీసులో, ఎవరో హైదరాబాద్ టికెట్టు అడుగుతుంటే, కంప్యూటర్ మీద అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. పక్క సీటాయన, నేను మాట్లాడటం మానేసిన ఆయనే, ఆటో పిలిచి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అమ్మకి ఫోన్ చేశాడు. ఆయన మంచివాడే. మంచివాళ్ళే అందరూ, అదే నా బాధ.

అక్కడ ఒక లేడీ డాక్టరు. నాకన్నా చిన్నదిలా ఉంది. అమ్మ అప్పటికి వచ్చేసింది. "ఈ మధ్య బాగా వెయిట్ తగ్గిందండీ, అందుకని నీరసం" అని నా బదులు తనే చెప్పింది. ఆ డాక్టరు అమ్మవైపు చూడకుండా నన్నే అడిగింది.

"మీరు తగ్గించుకున్నారా, దానంతటదే తగ్గిందా?"

ఇన్ని నెలల్లో ఎన్ని నోళ్ళు నా బరువు మాట్లాడాయి! ఈ ప్రశ్న ఒక్క నోటికి రాలేదు.

"దానంతటదే తగ్గింది" అన్నాను. కూడికలో చెప్పిన మాటే, ఒక్క అక్షరం తేడా లేదు.

ఆవిడ స్తోత్రం అనలేదు. పెన్ను పక్కన పెట్టి, నన్ను మంచం మీద పడుకోమని, పొట్ట కుడి పక్క నొక్కింది. నేను అరిచాను. అరిచి, అలాగే పడుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పికి కాదు. అక్కడ నొప్పి ఉండొచ్చని ఒక మనిషికి తోచినందుకు.

స్కానింగులు తీశారు, లోపలికి గొట్టం పంపి ముక్క తీసి పరీక్షకి పంపారు. పేగుల్లో టీబీ అని తేలింది. పాతవాళ్ళు క్షయ అనేవాళ్ళు. క్షయ అంటే ఏమిటి, తగ్గిపోవడమే కదా. జబ్బు తన పేరు తానే చెప్పుకుంటూ మా ఇంట్లో తిరిగింది. మేమేమో దానికి విస్తరి వేసి బిర్యానీ పెట్టాం.

"నీకు టీబీ ఏంటే?" అంది అమ్మ ఇంటికొచ్చాక. "నేను చూశాను ఆ వార్డు. ఎముకల గూళ్ళలా ఉంటారు. ఇంత ఒళ్ళున్న మనిషికి..." అని ఆగిపోయింది. ఆ ఒళ్ళు లేదని అప్పుడే చూసినట్టుంది. నన్ను పట్టుకుని భోరున ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కొచ్చి అన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పకు. అల్సరని చెబుదాం."

"పేగుల్లోది అంటుకోదమ్మా. నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు. మన ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరు."

నా నడుము సంగతి మైకులో చెప్పుకోవచ్చు, నా పేగుల సంగతి పిన్ని చెవిలో కూడా ఊదకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి జ్వరం వల్ల కాదు. "థర్మామీటరు నీ చేతిలో పెట్టానమ్మా" అన్నాను. "నూరు దాటి చూపించింది. నువ్వు దులిపి పర్సులో పెట్టుకున్నావు."

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చేతులు ఆగలేదు. తల ఎత్తకుండానే, "నేను నర్సునే. కానీ నువ్వు తగ్గుతుంటే నా కళ్ళకి ఇంకేం కనబళ్ళా" అంది. అంతకన్నా నిజమైన మాట ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటకి నేను జాలిపడాలో, గిన్నె ఎత్తి విసరాలో తెలియక గదిలోకి వెళ్ళిపోయాను.

మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు. ముందు మిషను ఎక్కాలి. మనిషి బరువుని బట్టి రోజుకి ఎన్ని మాత్రలో నిర్ణయిస్తారు. నా బరువుతో ఎవరికైనా ఒక పని పడిన చోటు అదొక్కటే. ఆ మాత్రలకి ఒంటేలు నారింజ రంగులో వచ్చేది, నోరు చేదుగా ఉండేది. అక్కడ నాతోపాటు బెంచీ మీద కూర్చునేవాళ్ళని చూస్తే నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదనిపించేది. అక్కడ లావుగా ఉన్నావని ఎవరూ ఎవరినీ అనరు. నెల తిరిగి మిషను ఎక్కినప్పుడు అక్కడ పనిచేసే అమ్మాయి ముల్లు చూసి, "పెరిగారండీ! మందు పట్టింది" అని నవ్వింది. పెరిగారండీ అన్న మాట ఎవరైనా నవ్వుముఖంతో అంటే వినడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు. దిగడానికి మనసొప్పక ఇంకొంచెంసేపు ఆ మిషను మీదే నిలబడ్డాను.

ఒకరోజు పొద్దున ఆఫీసుకి వెళ్తుంటే రోడ్డు పక్క బండి మీద పెసరట్టు కాలుతోంది. అల్లం, జీలకర్ర వాసన. నా కడుపులో ఏదో కదిలింది. నొప్పి అనుకుని భయపడ్డాను. కాదు, ఆకలి. నిలబడి తిన్నాను, వేళ్ళు కాలుతున్నా ఆగలేదు. తిని, చెయ్యి కడుక్కుని, వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆకలేసింది."

"దేవుడికి స్తోత్రం! ఏం తిన్నావు?"

"పెసరట్టు ఉప్మా. రెండు తిన్నాను."

"రెండా?" అంది.

ఆకలి వచ్చాక ఒళ్ళూ వచ్చింది. నా శరీరానికి తెలిసిన దారి అదొక్కటే, ఆ దారినే ఇంటికొచ్చింది. బుగ్గలు నిండాయి, గాజులు మణికట్టు దగ్గర ఆగాయి, మెట్లెక్కితే కాళ్ళు వణకడం మానేశాయి. దాంతో జనం పరామర్శకి బయలుదేరారు. పక్క ఫ్లాటు పెద్దావిడ మెట్ల దగ్గర మళ్ళీ నా చెయ్యి పట్టుకున్నారు. ఎవరో పోయినప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నారు. "అయ్యో, ఎంత చక్కగా తగ్గావమ్మా! ఏమైంది?" అన్నారు. చర్చి గుమ్మం దగ్గర చూపులు మళ్ళీ మెడ నుంచి నడుము దాకా ప్రయాణం మొదలుపెట్టాయి. అమ్మగారు నన్ను పక్కకి తీసుకెళ్ళి, "అధైర్యపడకు. అల్సరన్నారు కదా, మందుల వల్ల వచ్చుంటుంది. నీకోసం ప్రార్థన చేస్తున్నాం" అన్నారు. దేనికోసం అని అడగలేదు. నా పేగుల కోసం కాదని తెలుసు. పిన్ని అయితే అమ్మ మీదే విరుచుకుపడింది, "సాక్ష్యం చెప్పిన పిల్ల మళ్ళీ ఇలా అయితే సంఘంలో ఏమనుకుంటారే?" అని. నేను చావకుండా బయటపడటం వల్ల దేవుడి పరువు పోయినట్టు మాట్లాడింది.

చెప్పేద్దామా అని చాలాసార్లు అనుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి, మీరు చప్పట్లు కొట్టింది నా జబ్బుకి, మీరు విచారిస్తున్నది నా ఆరోగ్యానికి అని గట్టిగా అరవాలనిపించేది. అమ్మ ముఖం చూసి ఊరుకునేదాన్ని. ఆవిడ ఒక్కతే నిజం తెలిసిన మనిషి. కనీసం ఆవిడకైనా ఇప్పుడు నన్ను చూస్తే కంటికి చల్లగా ఉంటుందని, ఈ బుగ్గల్లో ఉన్నది నేను బతికిన సంగతేనని ఆవిడకి తెలుసని అనుకునేదాన్ని. సంఘమంతా ఏమనుకుంటే నాకేం, ఈ ఒక్క మనిషి చాలు అనుకున్నాను.

మాత్రల కోర్సు అయిపోయింది. మళ్ళీ స్కానింగు తీశారు. అమ్మ కూడా వచ్చింది. ఆ లేడీ డాక్టరు ఫిల్ములు లైటుకి అడ్డంగా పట్టుకుని చూసి, "పూర్తిగా తగ్గిపోయిందండీ. వెయిట్ కూడా మీ పాత వెయిట్‌కి వచ్చేశారు. చాలా సంతోషం" అంది. తగ్గిపోయింది, వచ్చేశారు. రెండు మాటలూ ఒకే నోటితో, రెండూ మంచి మాటలుగానే అంది. అమ్మ చేతులు జోడించి దణ్ణం పెట్టింది.

తిరిగి ఆటోలో వస్తున్నాం. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగాం. అమ్మ నా రిపోర్టుల కవరు ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. నాకు చాలా రోజుల తర్వాత గుండె తేలికపడింది. కోపం కూడా కొంత పోయినట్టే అనిపించింది.

"అమ్మా, ఇప్పుడు పెట్టు కృతజ్ఞత కూడిక" అన్నాను.

"ఏమని చెప్పి పిలుస్తామే?"

"అల్సర్ తగ్గిందని చెప్పు. నీ ఇష్టం, ఏదో ఒకటి చెప్పు. ఈసారి నేను కడుపునిండా బిర్యానీ తింటాను."

అమ్మ నవ్వింది. నవ్వుతూ నావైపు తిరిగింది. ఆవిడ చూపు నా మెడ దగ్గర బయలుదేరి, నడుము దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. నా చేతి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కింది.

"పెడదాంలే" అంది. "కొంచెం తగ్గాక."